నేలమాళిగలో స్వరశాల

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. పూర్వము ఇల్లు కట్టువాడు వంటయింటిని, పడకటింటిని, దేవుని గదిని, ధాన్యపు కొట్టును గూర్చి ఆలోచించెడివాడు. నేటి దినములలో కొందఱి యిండ్లకు మఱియొక గది అవసరమగుచున్నది. అది మాటను, పాటను భద్రపఱచు గది. పాఠములు చెప్పు ఉపాధ్యాయులు, సంగీతము నేర్చువారు, పుస్తకములు చదివి వినిపించువారు తమ కంఠధ్వనిని యంత్రములో నింపి దూరదేశముల వారికి సైతము పంపుచున్నారు. ఒకప్పుడు ఈ పని రేడియో కేంద్రములలోను, చలనచిత్ర నిర్మాణశాలలలోను మాత్రమే జరిగెడిది. హైదరాబాదులో నిజాము కాలమున నడచిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. అట్టి కేంద్రములలో గదిని కట్టునప్పుడే శబ్దమును గూర్చి యోచించి కట్టెడివారు. ఇప్పుడు ఒక మైకు, ఒక కంప్యూటరు ఉన్నచో ఇంటనే ఆ పని చేసికొనవచ్చును. యంత్రములు చౌక యైనవి గాని నిశ్శబ్దము చౌక కాలేదు. దానిని ఆలోచనతో సంపాదించుకొనవలయును.

ఇట్టి గది యొక్క ప్రయోజనము కేవలము వినోదము కాదు. చూపులేని విద్యార్థిని తలచుకొనుడు. అతనికి చెవియే కన్ను. బ్రెయిలీ లిపిలో అచ్చుపడని పుస్తకమును ఎవరైన చదివి రికార్డు చేసి యిచ్చిననే అతడు దానిని చదువుకొనగలడు. అమెరికాలో 1934లోనే గ్రామఫోను పలకలపై "మాటలాడు పుస్తకములు" వెలువడినవి. చూపులేని వారికి గ్రంథములు సులభముగా అందవలయునని 2013లో మొరాకో దేశమందలి మరాకేష్ నగరమున ఒక అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. 2014లో దానిని అన్ని దేశములకంటె ముందుగా ధ్రువీకరించినది మన భారతదేశమే. ఒప్పందము దారి చూపును గాని, పుస్తకమును చదువవలసినది మనుష్యులు. చదివిన దానిని స్పష్టముగా నిలుపవలసినది మంచి గది.

స్పష్టత తెలుగు భాషకు మఱింత అవసరము. మన భాషలో హ్రస్వము దీర్ఘమైనచో అర్థము మాఱును. "పలు" అనిన అనేకము, "పాలు" అనిన క్షీరము. "కల" వేఱు, "కాల" వేఱు. "కథ"లోని థకారమునకు ఊపిరి చాలనిచో అది "కద"యగును. బోసిగోడల గదిలో చదివినచో ఒక అక్షరపు ధ్వని వెంటనే ఆఱిపోక, తరువాతి అక్షరముపై బడును. మనము సెకండునకు నాలుగక్షరముల చొప్పున పలికినను, గదిలో శబ్దము మూడు సెకండ్లు నిలిచినచో, ఒక్కొక్క అక్షరపు తోక పండ్రెండక్షరములపై ప్రాకును. హ్రస్వములు దీర్ఘములవలె వినబడును, ఒత్తులు కరగిపోవును. పుస్తకము చేతనున్నవాడు సందేహము కలిగినప్పుడు అచ్చు చూచి సరిదిద్దుకొనును. వినుట తప్ప గత్యంతరము లేనివాడు ఏమి చేయగలడు? తప్పుగా విన్న మాటనే పరీక్షలో వ్రాయించును. కావున ఈ గదిని గూర్చిన శ్రద్ధ చదువును గూర్చిన శ్రద్ధయే.

ఇప్పుడు స్థలమును చూతము. హైదరాబాదు నగరములో ముషీరాబాదు మొదలుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మీదుగా తార్నాక వరకు గల ప్రాంతము విద్యకు పెట్టినది పేరు. విశ్వవిద్యాలయము 1918లో బోధన ప్రారంభించినది. దాని శిఖరప్రాయమైన ఆర్ట్స్ కళాశాల రాతి భవనము 1939లో ప్రారంభింపబడినది. 1958లో నెలకొల్పబడిన ఆంగ్ల భాషాసంస్థ నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమై ఇచ్చటనే యున్నది. విద్యాచిత్రములను నిర్మించు మాధ్యమ కేంద్రము కూడ అందు కలదు. తార్నాక వీధులలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు విశేషముగా నివసింతురు. రికార్డింగు గది కోరువారు ఇచ్చట ఉండుట సహజము.

అయితే ఇచ్చట చప్పుడునకు కొదవ లేదు. తార్నాక కూడలిలో బస్సులు, లారీలు రాత్రియు పగలును తిరుగుచుండును. 2017 నవంబరు నుండి స్తంభములపై మెట్రో రైలు నడచుచున్నది. ముషీరాబాదు మీదుగా పోవు మెట్రో మార్గము 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ప్రాంగణము ప్రక్కన ఆర్ట్స్ కాలేజి, జామియా ఉస్మానియా రైలు స్టేషనులు కలవు. ఇట్టి చోట మేడమీది గదిలో మైకు పెట్టినచో పాఠముతో పాటు హారనులు కూడ రికార్డగును. అందుచే కొందఱు ఇంటి అడుగుననున్న నేలమాళిగపై, అనగా సెల్లారుపై, దృష్టి నిలుపుదురు. ఆ ఆలోచనలో న్యాయము కలదు. నేలమాళిగ గోడల వెనుక మట్టియు రాయియు నుండును. వీధిలో గాలి ద్వారా వచ్చు చప్పుడు అంత బరువును దాటి లోపలికి చొచ్చుట కష్టము. కిటికీలు తక్కువ. వేసవిలో చల్లగా నుండును. కాని నేలమాళిగకు గల దోషములు మేడకు లేవు. వానిని ముందుగా తెలిసికొనవలెను.

శబ్దముకంటె ముందు ప్రాణమును గూర్చి యోచింపవలయును. 2020 అక్టోబరులో హైదరాబాదులో కుంభవృష్టి కురిసి అనేక కాలనీలు జలమయమైనవి. సెల్లారులలో నీరు నిండినది. 2024 జూలై 27న ఢిల్లీలో ఒక శిక్షణాలయపు నేలమాళిగలోనున్న గ్రంథాలయమున హఠాత్తుగా వరదనీరు ప్రవేశించి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. వాహనములకును, సామానులకును అనుమతి పొందిన అడుగుభాగమును చదువుగదిగా వాడుచుండిరి. నీటి బలమెంతయో ఒక చిన్న లెక్కవలన తెలియును. ఒక మీటరు వెడల్పు గల తలుపు వెలుపల అర మీటరు ఎత్తు నీరు నిలిచినచో, ఆ తలుపుపై సుమారు 125 కిలోల బరువుతో సమానమగు త్రోపుడు పడును. దానిని లోపలనున్న బాలుడు నెట్టలేడు.

కావున మొదటి నియమములు ఇవి. ఇంటి అనుమతిపత్రములో సెల్లారును ఏ పనికై చూపిరో కనుగొని, పురపాలక సంఘము వారు ఒప్పుకొన్నప్పుడే పని మొదలుపెట్టవలెను. పెద్ద భవనములలో సెల్లారు ముఖ్యముగా వాహనములు నిలుపుటకే ఉద్దేశింపబడినది. దానిని గదులుగా మార్చుటకు ఎవరికి తోచినట్లు వీలులేదు. వాననీరు మెట్ల మీదుగా దిగకుండ గడప యెత్తుగా నుండవలెను. వెలుపలికి పోవుటకు రెండవ మార్గము తప్పక యుండవలెను. విద్యుత్తు ప్లగ్గులను నేలకు దగ్గరగా అమర్చరాదు. ఈ నియమములలో ఒక్కటి కుదరకున్నను ఆ గదిని విడిచి మేడమీది మూలగదిని వెదకుకొనుట మేలు.

రెండవ శత్రువు తేమ. గోడ పొడిగా కనబడినంత మాత్రమున నమ్మరాదు. అర గజము చతురముగల ప్లాస్టిక్కు కాగితమును గోడకు ఆనించి, అంచులను అంటించి, రెండు దినములు ఉంచవలెను. కాగితము వెనుక నీటిబొట్లు కనబడినచో తేమ గోడలోనుండి వచ్చుచున్నదని తెలియును. అట్టి గోడపై మెత్తని సామగ్రి పఱచినచో అది బూజుపట్టి చెడును, మైకులును చెడును. గోడకు నీరు చొరని పూత వేయించి, ఒక వానకాలము గడచిన పిదప తక్కిన పని చేయుట వివేకవంతుల పద్ధతి.

ఇక శబ్దవిషయమునకు వత్తము. విద్యార్థులారా, ఇందులో రెండు ప్రశ్నలు కలవు. వెలుపలి చప్పుడు లోపలికి రాకుండ ఆపుట ఎట్లు? ఇది మొదటిది. లోపల పుట్టిన మాట గోడలకు తగిలి మరల మరల మ్రోగకుండ చేయుట ఎట్లు? ఇది రెండవది. ఈ రెండును వేఱు వేఱు రోగములు. వాని మందులును వేఱే. మొదటిదానికి బరువు, బిగువు, ఎడబాటు కావలయును. రెండవదానికి మెత్తదనము కావలయును. చాలమంది ఈ భేదము నెఱుగక గోడలకు మెత్తని స్పాంజి అంటించి, ఇంకను బస్సుల చప్పుడు వినబడుచున్నదేమని ఆశ్చర్యపడుదురు. స్పాంజి గదిలోని మ్రోతను తగ్గించును గాని, వీధి చప్పుడును ఆపలేదు. గ్రుడ్లు పెట్టు అట్టలను గోడకు తగిలించువారును కలరు. అవి పలుచనివి, తేలికవి. వానివలన వెలుపలి చప్పుడు ఏమాత్రము ఆగదు. పైగా నిప్పు సోకినచో ఇట్టే అంటుకొనును.

మొదటి ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు గదిలో కూర్చుండి వినవలయును. ఒక నోటుపుస్తకము తీసికొని తెల్లవారుజామున, మధ్యాహ్నమున, సంధ్యవేళ, అర్ధరాత్రమున అరగంట చొప్పున కూర్చుండి, వినబడిన ప్రతి చప్పుడును, అది వచ్చిన దిక్కును వ్రాసికొనవలెను. ఒక వారము గడచునప్పటికి ఆ పుస్తకమే గదికి వైద్యపరీక్ష పత్రమగును. అందులో రెండు తెగల చప్పుళ్లు కానవచ్చును. హారను, కుక్క మొఱుగు, వీధిలో అమ్మకపువాని కేక, ఇవి గాలి ద్వారా మెట్లమీదుగా దిగివచ్చును. పైయింటిలో నడచువారి అడుగుల సద్దు, మిక్సీ మ్రోత, నీటి మోటారు గుంయిమనుట, ఇవి గోడలు, దూలములు, స్తంభముల ద్వారా ప్రాకి వచ్చును. హైదరాబాదు నేల క్రింద గట్టి గ్రానైటు రాయి కలదు. ఇంటి పునాది దానిపైననే నిలిచినచో, దగ్గరలో రాయి పగులగొట్టుచున్నప్పుడు ఆ అదరు పునాది ద్వారా గదికి చేరును. గట్టి పదార్థములో శబ్దము గాలిలోకంటె వేగముగాను, తక్కువ నష్టముతోను పయనించును.

గాలి ద్వారా వచ్చు దానిని ఆపుటకు బరువును, బిగువును కావలెనంటిమి. శబ్దమును డెసిబెల్లులలో కొలుతురు. పది డెసిబెల్లులు తగ్గినదనిన శబ్దశక్తి పదవ వంతైనదని అర్థము. ఇరువది తగ్గినచో నూఱవ వంతు. రద్దీ వీధిలో 70 డెసిబెల్లుల చప్పుడున్నదనుకొందము. గదిలో 25 మాత్రమే ఉండవలెనన్నచో 45 డెసిబెల్లులు తగ్గింపవలయును. రెండు వైపుల పూత గల తొమ్మిదంగుళముల ఇటుకగోడ సుమారు 50 డెసిబెల్లులు తగ్గింపగలదు. కావున గోడ చాలును. మఱి తలుపు సంగతి యేమి?

తలుపు ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గలదనుకొనుడు. దాని అడుగున రెండు సెంటీమీటర్ల సందున్నది. మన యిండ్లలో ఇది సామాన్యమే. ఆ సందు తలుపు వైశాల్యములో సరిగా నూఱవ వంతు. సందున బడిన శబ్దమంతయు అడ్డులేక లోపలికి పోవును. అనగా తలుపును ఇనుముతో చేయించినను, నూఱవ వంతు శక్తి సందు ద్వారా వచ్చుచునే యుండును. 20 డెసిబెల్లులకు మించి తగ్గదు. గోడ కోటవంటిదైనను తలుపు జల్లెడ యైనచో ఫలమేమి? కావున బరువైన కొయ్య తలుపు చేయించి, నాలుగంచులకు రబ్బరు పట్టీలు బిగించి, అడుగున గడప కట్టవలెను. గోడలో తీగలకై చేసిన రంధ్రములను గూడ పూడ్చవలెను. వీలైనచో నడుమ రెండడుగుల చోటు విడిచి రెండు తలుపులు పెట్టుట ఉత్తమము.

గోడ మందమును రెట్టింపు చేసినచో ఎంత లాభము? సుమారు ఆఱు డెసిబెల్లులు మాత్రమే. అంత ఇటుక పేర్చుటకంటె, లోపల మఱియొక పలుచని గోడ లేపి, రెంటికి నడుమ గాలి విడిచి, ఒకదానినొకటి తాకకుండ చేసినచో ఎక్కువ లాభము కలుగును. ఇదియే ఎడబాటు. గట్టి పదార్థముల ద్వారా ప్రాకివచ్చు చప్పుడునకు ఇంతకు మించిన మందు లేదు. లోపలి గది నేలను రబ్బరు దిమ్మెలపై నిలిపి, గోడలను, కప్పును ఆ నేలపైననే నిలిపినచో పెట్టెలో పెట్టెవలె గదిలో గది ఏర్పడును. ఒక్క మేకు రెండు గోడలను కలిపినను ఆ మేకే చప్పుడునకు వంతెన యగును. అయితే ఇది ధనవ్యయముతో కూడిన పని. నీటి మోటారు ఒక్కటే బాధించుచున్నచో, మోటారు అడుగున రబ్బరు దిమ్మెలు పెట్టి, గొట్టమునకు మెత్తని తునక అతికించినచో చాలును. చప్పుడును పుట్టినచోటనే అణచుట అన్నింటికంటె చౌక.

రెండవ ప్రశ్న గదిలోని మ్రోత. గోలకొండ కోటకు పోయినవారు ఫతే దర్వాజా క్రింద నిలిచి చప్పట్లు చఱచియుందురు. ఆ చప్పుడు ఎత్తున నున్న బాలాహిసారు వద్ద వినబడును. ఆనాటి శిల్పులు శబ్దము దూరముగా పోవలెనని కోరి గట్టి గోడలను, వంపు కప్పులను సాధనముగా వాడుకొనిరి. మన కోరిక అందుకు విరుద్ధము. మన శబ్దము మైకును చేరిన వెంటనే ఆఱిపోవలెను. కాని సాధనములను శోధించిన మార్గము ఒక్కటియే: ఏ పదార్థము శబ్దమును త్రిప్పికొట్టును, ఏది మ్రింగివేయును అని తెలిసికొనుట.

దీనిని మొదట లెక్కకు తెచ్చినవాడు వాలేస్ సబైన్ అను అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఎవరేమి చెప్పినను అర్థము కాకుండెను. పలికిన మాట సుమారు ఐదున్నర సెకండ్లు గదిలో మ్రోగుచుండెను. ఇరువదియేడేండ్ల సబైనును దీనిని సరిచేయుమని విశ్వవిద్యాలయాధ్యక్షుడు కోరెను. ఊరు నిద్రించిన పిదప అతడు ప్రక్క నాటకశాల నుండి కూర్చుండు మెత్తలను మోయించి తెచ్చి, ఒక పిల్లనగొట్టమును మ్రోయించి, శబ్దము ఎంతసేపటికి ఆఱిపోవునో గడియారముతో కొలిచెను. మెత్తలు పెరిగినకొలది కాలము తగ్గెను. తెల్లవారునప్పటికి మెత్తలను మరల వాని చోటికి చేర్చవలసి యుండెను. తాను తొడిగిన దుస్తులు కూడ కొంత శబ్దమును మ్రింగుచున్నవని గ్రహించి, ప్రతి ప్రయోగమునకు ఒకే విధమైన దుస్తులు ధరించెను. ఇట్లు సంవత్సరముల తరబడి శ్రమించి అతడు ఒక సూత్రమును కనుగొనెను. దాని సహాయముతో కట్టిన బోస్టను సంగీతశాల 1900లో తెఱవబడి నేటికిని ప్రఖ్యాతి గాంచుచున్నది.

ఆ సూత్రము మీకును సాధ్యమైనదే. తెఱచిన కిటికీపై బడిన శబ్దము తిరిగి రాదు గదా! కావున ఒక చదరపు మీటరు తెఱచిన కిటికీని శోషణమునకు కొలబద్దగా తీసికొందురు. గది ఘనపరిమాణమును 0.161 చేత గుణించి, గదిలోని మొత్తము శోషణముచేత భాగించినచో, శబ్దశక్తి పదిలక్షలవ వంతునకు తగ్గుటకు పట్టు కాలము సెకండ్లలో వచ్చును. దీనిని ప్రతినాద కాలమందురు.

తార్నాకలో ఒక యింటి నేలమాళిగలో 5.1 మీటర్ల పొడవు, 3.8 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు గల గది యున్నదనుకొందము. అనగా సుమారు పదునేడడుగులు, పండ్రెండున్నర అడుగులు, తొమ్మిదడుగులు. దాని ఘనపరిమాణము 52 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిసి 87 చదరపు మీటర్లు. గట్టి సున్నపు గోడ తనపై బడిన శబ్దములో నూటికి మూడు వంతులు మాత్రమే మ్రింగుననుకొనినచో మొత్తము శోషణము 2.6. అనగా ఆ గది యంతటికిని రెండున్నర చదరపు మీటర్ల కిటికీయే దిక్కు. 52ను 0.161 చేత గుణింపగా 8.4, దానిని 2.6 చేత భాగింపగా 3.2 సెకండ్లు. ఇదియే ఇంతకుముందు చెప్పిన అక్షరముల తోక. పఠనమునకు 0.4 సెకండు తగియుండును. 8.4ను 0.4 చేత భాగింపగా 21. మనకు 21 శోషణము కావలెను, ఉన్నది 2.6. మందమైన రాతి ఉన్ని పలక మాటధ్వనిలో నూటికి తొంబది వంతులు మ్రింగగలదు. లెక్క వేసినచో అట్టి పలకలు సుమారు 21 చదరపు మీటర్లు, అనగా గది ఉపరితలములో నాలుగవ వంతు, కావలయును. చిన్న గదులలో ఈ లెక్క అంచనా మాత్రమే. అయినను ఎంత కొనవలెనో తెలియక వృథావ్యయము చేయుటకంటె ఇది మేలు.

అన్ని గోడలను కప్పివేయుట కూడ తప్పే. అట్లు చేసిన గదిలో కంఠము జీవములేక, దిండులో ముఖము దాచికొని మాటలాడినట్లుండును. పలకలను ఎదురెదురు గోడలపై ఎడమిచ్చి చెదరగొట్టవలెను. పుస్తకముల బీరువాలు, ఎగుడుదిగుడుగా పేర్చిన గ్రంథములు శబ్దమును ఒకే దారిని త్రిప్పికొట్టక చెల్లాచెదరు చేయును. ధనము లేనివారు మందపు బొంతలు, కంబళ్లు గోడకు జానెడు ఎడముగా వ్రేలాడదీసినను కొంత ఫలము కలుగును.

గది ఆకారమునకును ప్రభావము కలదు. శబ్దము గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. ఎదురెదురు గోడల దూరమును రెట్టింపు చేసి దానిచే 340ని భాగించినచో, ఆ గోడల నడుమ ఉబ్బి మ్రోగు అతి మంద్రస్వరము తెలియును. మూడు మీటర్ల చతురపు గదికి ఎత్తు కూడ మూడు మీటర్లే యైనచో, మూడు దిక్కులందును 57 హెర్ట్జ్ స్వరమే మ్రోగును. దాని రెట్టింపు 113 పురుషకంఠపు మూలస్వరమునకు దగ్గరిది. అప్పుడు కొన్ని అక్షరములు మాత్రము కుండలో పలికినట్లు ఉబ్బి వినబడును. మన గదికి మూడు కొలతలును వేఱగుటచే 33, 45, 63 అని స్వరములు విడిపోవును; ఒకదానిపై నొకటి పేరుకొనవు. మంద్రస్వరముల తరంగములు దీర్ఘమైనవి. నూఱు హెర్ట్జ్ స్వరపు తరంగము 3.4 మీటర్ల పొడవు. అంగుళపు స్పాంజి దానిని పట్టలేదు. అవి మూలలయందు ప్రోగగును గనుక గది మూలలలో మందమైన రాతి ఉన్ని స్తంభములవలె నిలుపుదురు.

ఇప్పుడు కాగితముపై గదిని గీయుదము. మెట్లు, నీటి మోటారు ఉన్న వైపునకు వీలైనంత దూరముగా చదువుచోటు ఉండవలెను. మైకును గది నడిమధ్యనుగాని, మూలనుగాని నిలుపరాదు. చదువువాని వెనుక మెత్తని గోడ యుండవలెను. ఒక దిక్కునే ఎక్కువగా వినునట్టి మైకు శ్రేష్ఠము. దాని వీపు చప్పుడు వచ్చు దిక్కునకు త్రిప్పవలెను. నోటికి మైకు జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుండవలెను. దగ్గరగా నున్నచో కంఠము మ్రోతను మించును. ప్రక్కగా నున్నచో ఫకార భకారముల ఊపిరి మైకును తాకదు. గాలిచక్రము తిరుగు కంప్యూటరును వెలుపల ఉంచి తీగను మాత్రము లోపలికి తేవలెను. విద్యుత్తు తీగ ప్రక్కనే మైకు తీగను నడిపినచో సన్నని గుంజారవము చేరును గనుక రెంటిని ఎడముగా నడుపవలెను.

రికార్డు చేసిన దానిని వినుటకు రెండు స్పీకర్లున్నచో, పొట్టి గోడకు ఎదురుగా కూర్చుండి, అవియు నీవును సమబాహు త్రిభుజముగా అమరునట్లు చూచుకొనుము. ప్రక్కగోడపై పలక ఎచ్చట పెట్టవలెనో తెలియుటకు ఒక అద్దము చాలును. నీవు కుర్చీలో కూర్చుండగా నీ స్నేహితుడు అద్దమును గోడవెంట నడుపవలెను. స్పీకరు ప్రతిబింబము కనబడినచోటనే శబ్దమును పరావర్తనము చెందును. అచ్చటనే పలక తగిలింపవలెను. కాంతికి మీరు నేర్చిన నియమమే శబ్దమునకును వర్తించును.

సందులన్నియు మూసిన గదిలో మనుష్యునికి గాలి ఎట్లు? మనము చెప్పిన గదిలో ఇద్దరు ఒక గంట కూర్చున్నచో లోపలి బొగ్గుపులుసు వాయువు రెండు రెట్లకు మించును, తల బరువెక్కును, చదువు తడబడును. కావున గాలి వచ్చుటకు ఒకటి, పోవుటకు ఒకటి వెడల్పైన గొట్టములు పెట్టవలయును. గొట్టములు రెండు మూడు మలుపులు తిరిగి, లోపల శబ్దమును మ్రింగు పొర కలిగియున్నచో గాలి వచ్చును, చప్పుడు రాదు. గోడలకు తగిలించు సామగ్రి నిప్పుకు అంటుకొనని దగుట ముఖ్యము. చౌక స్పాంజి కాలినప్పుడు వెలువడు పొగ విషము. నేల క్రింది గదిలో ఆ పొగ పోవుటకు దారి యుండదు. రాతి ఉన్ని మండదు. కాని దాని నూగు ఊపిరితిత్తులకు చేరకుండ గుడ్డతో గట్టిగా కప్పవలెను.

పని ముగిసిన పిదప పరీక్ష చేయవలయును. గది మధ్య నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టినచో మ్రోత యున్నదో లేదో తెలియును. తరువాత "పలు, పాలు, కల, కాల, కథ, కద" వంటి జంటలను కలిపి ఒక పుట వ్రాసి, రికార్డు చేసి, ఆ పుటను చూడని వానికి వినిపించి వ్రాయింపుడు. అతడు ఎన్ని మాటలు సరిగా వ్రాసెనో అదియే గదికి వచ్చిన మార్కులు. ఆ వినువాడు చూపులేని విద్యార్థి యైనచో అతని తీర్పు మఱింత విలువైనది. చెవితో చదువుటలో అతని అభ్యాసము మనకు లేదు.

ఈ ప్రణాళిక యంతయు ఒక గొలుసువంటిది. ముందు ప్రాణరక్షణ, పిమ్మట తేమ, పిమ్మట వెలుపలి చప్పుడు, కడపట లోపలి మ్రోత. ఈ వరుస తప్పినచో చేసిన పనిని విప్పి మరల చేయవలసి వచ్చును. తలుపు అడుగు సందును మూయకముందు గోడలకు పలకలు కొనరాదు. వానకాలము చూడకముందు తలుపు కొనరాదు. అన్నింటికంటె ముందు కావలసినవి ఒక నోటుపుస్తకము, ఒక కొలబద్ద, ఓపికతో వినెడి రెండు చెవులు. ఇవి మీ అందఱియొద్దను కలవు. మీ పాఠశాలలో ఏ గది మాటను చెడగొట్టుచున్నదో, ఏ గది నిలుపుచున్నదో రేపే కొలిచి చూడుడు.